చెస్టర్ ఈస్ట్‌గేట్ వీధి: రెండు అంతస్తుల బజారు

[దృశ్యం: ఈస్ట్‌గేట్ తోరణం, దాని కింద జనసందోహం]

ఇంగ్లండులో, వేల్స్ సరిహద్దుకు చేరువలో ఉన్న చెస్టర్ నగరపు ప్రధానమైన బజారు వీధుల్లో ఈస్ట్‌గేట్ ఒకటి. క్రీ.శ. 70ల దశకంలో రోమన్ సైన్యం ఇక్కడ నిర్మించిన కోటలోని ముఖ్యమార్గం మీదుగానే నేటికీ ఈ వీధి సాగుతోంది. తోరణం మీది గడియారం మాత్రం 1899 నాటిది. సందర్శకులు ఎక్కువగా దానినే ఫోటో తీసుకుంటారు గాని, ఈ వీధి ప్రత్యేకత దుకాణాల వరుసలోనే ఉంది.

[దృశ్యం: వీధి నుంచి మెట్లెక్కి వసారాలోకి]

వీధి మట్టానికి ఒక వరుస దుకాణాలు ఉంటాయి. వాటి పక్కనున్న మెట్లెక్కితే, ఇంటి నుంచి ఇంటికి సాగిపోయే పొడవాటి వసారా, దాని వెనుక మరో వరుస దుకాణాలు కనిపిస్తాయి. ఆ పై అంతస్తు గదులు వసారా మీదుగా ముందుకు వచ్చి, వీధి అంచున నిలిపిన స్తంభాలపై ఆనుతాయి కనుక, వాన కురుస్తున్నా బేరాలు ఆగవు. స్థానికులు వీటిని 'రోస్' (Rows, అంటే వరుసలు) అంటారు.

[దృశ్యం: కమ్మీల పక్కన వాలుగా ఉన్న అరుగు, దగ్గరగా]

నడిచే దారికీ వీధివైపు కమ్మీలకూ మధ్య, మన అరుగు వంటి వేదిక ఒకటి వాలుగా ఉండటం గమనించండి. కింది దుకాణం గుమ్మంలో తలకు తగలకుండా ఎత్తు దొరకాలని అలా వాలుగా కట్టారు. దాని మీదే సరుకు పరచి అమ్మేవారు. ఒకరి అవసరం మరొకరికి అంగడిగా మారిన ఈ ఏర్పాటు, నా దృష్టిలో, గడియారం కంటే ఎంతో ముచ్చటైనది.

ఈ వసారాల మూలాలు 13వ శతాబ్దానివి. 1278 నాటి అగ్నిప్రమాదం తరువాత జరిగిన పునర్నిర్మాణమే కారణమని కొందరు, ఇళ్ల వెనుక పోగుపడిన రోమన్ శిథిలాల వల్ల నేల ఎత్తు పెరగడమని కొందరు వాదిస్తారు. ఏది నిజమైనా, ఇరుగుపొరుగు యజమానులంతా తమ ఇంటి ముందు భాగాన్ని దారికి వదలకపోతే ఇది సాధ్యమయ్యేది కాదు. నలుపు తెలుపు కలప ముఖభాగాల్లో చాలావరకు 19వ శతాబ్దపు పునరుద్ధరణ అలంకారమే కాబట్టి, వాటిని చూసి కాలాన్ని లెక్కగట్టరాదు.

[దృశ్యం: లోయర్ బ్రిడ్జ్ వీధి, ఫాల్కన్ భవనం]

ఆ ఒప్పందం అన్ని చోట్లా నిలవలేదు. అంతర్యుద్ధ కాలంలో, 1643లో, సర్ రిచర్డ్ గ్రోవనర్ లోయర్ బ్రిడ్జ్ వీధిలోని తన ఇంటిని, అంటే ఈ ఫాల్కన్ భవనాన్ని, విశాలం చేసుకోవడానికి ముందున్న వసారాను మూసుకునేందుకు నగరసభ అనుమతి పొందారు. తరువాత ఆ వీధిలో మరికొందరు అదే బాట పట్టడంతో అక్కడ వరుస తెగిపోయింది. ఈస్ట్‌గేట్ వీధిలో అది నిలిచింది: భవనాలు ప్రైవేటు ఆస్తులే అయినా, ఆ వసారాలో నడిచే హక్కు నేటికీ ప్రజలదే.