రెండే గొట్టాలు కనబడాలి

శ్రోతలకు నమస్కారం.

"కోత లేదట, లేజర్‌తో తీసేస్తారట!" పిత్తాశయంలో, అంటే కాలేయం కింద పైత్యరసం నిల్వ ఉండే చిన్న సంచిలో, రాళ్లున్నాయని తెలిసిన ఇంట్లో తరచూ వినబడే మాట ఇది. మామూలుగా ఈ కెమెరా ఆపరేషన్‌లో లేజర్ ఏమీ ఉండదు. కోతలు మాత్రం ఉంటాయి, సాధారణంగా నాలుగు. బొడ్డు దగ్గర ఒకటి, రొమ్ము ఎముక కింద ఒకటి, సుమారు సెంటీమీటరు చొప్పున. కుడి డొక్క వైపు అర సెంటీమీటరువి రెండు. గాటు చిన్నదే గానీ, లోపల చేసే పని పొట్ట కోసి చేసినప్పటి పనే.

రాళ్లు తీసి సంచిని వదిలేయకూడదా అని అడుగుతారు. వదిలేస్తే అదే సంచిలో తరచూ మళ్లీ రాళ్లు కడతాయి. కిడ్నీ రాళ్లలా పొడి చేస్తే, ఆ ముక్కలు జారి పైత్యరస నాళంలో ఇరుక్కోవచ్చు. అప్పుడు కామెర్లు, క్లోమం వాపు. అందుకే సంచినే తీసేస్తారు. పైత్యరసం తయారయ్యేది కాలేయంలో కాబట్టి అరుగుదలకు పెద్ద లోటు రాదు. ఇంకో మాట: ఏ నొప్పీ లేకుండా, వేరే దేనికో తీసిన స్కానింగులో బయటపడ్డ రాళ్లకు చాలామందికి ఆపరేషనే అక్కర్లేదు.

మత్తు ఇచ్చాక పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ పంపి, పొట్ట గోడను గుడారంలా లేపుతారు. మామూలు గాలి ఎందుకు కాదంటే, ఈ వాయువు మంటకు అంటుకోదు, రక్తంలో తేలిగ్గా కరిగి ఊపిరితో బయటికి పోతుంది. పీడనం బీపీ కొలిచే లెక్కలో 12 నుంచి 15. తర్వాత కెమెరా. పిత్తాశయం కొసను పట్టుకుని కుడి భుజం వైపు నెడితే దాని మెడ కనబడుతుంది. అసలు పని అక్కడ.

ఆ మెడ దగ్గర కత్తిరించాల్సినవి రెండే: పిత్తాశయం నాళం, దాని రక్తనాళం. ఆ పక్కనే, పెన్సిల్ కంటే సన్నగా, కాలేయం నుంచి పేగుకు వెళ్లే పెద్ద పైత్యరస నాళం ఉంటుంది. వాపు ముదిరితే అన్నీ అతుక్కుపోతాయి. పైకి లాగినప్పుడు పెద్ద నాళమే చిన్న నాళంలా కనబడి మోసం చేస్తుంది. దాన్ని పొరపాటున కత్తిరిస్తే బాగుచేయడం మరో పెద్ద ఆపరేషన్.

అందుకే అమెరికాలో పనిచేసిన సర్జన్ స్ట్రాస్‌బర్గ్ 1995లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి నాకు చాలా విలువైనదిగా తోస్తుంది. మెడ దగ్గరి కొవ్వు, పొరలు పూర్తిగా తొలగించాలి. సంచి కింది మూడో వంతును కాలేయం నుంచి విడదీయాలి. అప్పుడు సంచిలోకి వెళ్తూ రెండే గొట్టాలు కనబడాలి. రెండే. ఆ తర్వాతే క్లిప్పు, ఆ తర్వాతే కత్తెర. రెండేనని తేలకపోతే ఆగాలి. సంచిలో కొంత భాగం వదిలేసి ముగించవచ్చు, లేదా పొట్ట తెరవవచ్చు. తెరిచారంటే ఆపరేషన్ చెడిందని కాదు, డాక్టరు జాగ్రత్తపడ్డారని. ఆపరేషన్‌కు ముందు సంతకం పెట్టే కాగితంలో, అవసరమైతే పొట్ట తెరుస్తారన్న మాట ఉందేమో చూసుకోండి.

ఇక ఇంటికొచ్చాక సంగతి. మొదటి ఒకటి రెండు రోజులు భుజం నొప్పి పెడితే కంగారు వద్దు. లోపల మిగిలిన వాయువు ఉదరవితానాన్ని, అంటే ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండర పొరను, చికాకు పెడితే, ఆ నొప్పి భుజంలో తెలుస్తుంది. లేచి నడుస్తుంటే తగ్గుతుంది.

పొట్ట నొప్పి మాత్రం రోజురోజుకీ తగ్గాలి. నిన్నటికంటే ఇవాళ తక్కువ ఉండాలి. తగ్గకుండా పెరుగుతుంటే, జ్వరమొస్తే, కళ్లు పచ్చబడితే, పొట్ట ఉబ్బి వాంతులవుతుంటే, గ్యాస్ బిళ్ల వేసుకుని తెల్లవారేదాకా చూద్దామనుకోవద్దు. పైత్యరసం పొట్టలోకి కారుతూ ఉండవచ్చు. ఆపరేషన్ చేసిన చోటికే వెంటనే వెళ్లండి. డిశ్చార్జి రోజున రెండు పనులు చేయండి: రాత్రిపూట ఏ నంబరుకు ఫోన్ చేయాలో కాగితం మీద రాయించుకోండి, తీసిన సంచిని పరీక్షకు పంపారా, రిపోర్టు ఎప్పుడొస్తుందో అడగండి.