ఎవరి నోటికి ఏ ముప్పు: విశ్రాంత ఉద్యోగుల సభలో ప్రసంగ పాఠం

సభకు విచ్చేసిన పెద్దలందరికీ నమస్కారం.

తీపి ఎక్కువ తిన్నా, సరిగ్గా తోముకోకపోయినా పళ్లు పాడవుతాయని మనం చిన్నప్పటినుంచీ వింటున్నాం. అది నిజమే. అయితే ఒకే ఇంట్లో, ఒకే పేస్టు వాడే భార్యాభర్తల్లో ఒకరికి అరవై దాటాక వరసగా పళ్లు పుచ్చడం, మరొకరికి ఒక్క పన్నూ పుచ్చకపోయినా చిగుళ్లు జారి పళ్లు కదలడం దంతవైద్యులమైన మేము తరచూ చూస్తుంటాం. ఎవరి నోటికి ముప్పు ఎటునుంచి వస్తోందో తెలిస్తేనే దాన్ని ఆపగలం.

ముందుగా లాలాజలం సంగతి చెబుతాను, ఎందుకంటే మన వయసువారిలో అందరూ మరిచిపోయేది అదే. తీపి తగలగానే పాచిలోని బాక్టీరియా ఆమ్లాన్ని తయారుచేస్తుంది. ఆమ్లాన్ని కొలిచే పీహెచ్ (అది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువన్నమాట) సుమారు 5.5 కన్నా దిగితే పన్ను పైనుండే గట్టిపొర ఎనామిల్ కరగడం మొదలవుతుంది; చిగురు జారి బయటపడిన వేరు భాగమైతే అంతకన్నా స్వల్పమైన ఆమ్లానికే లొంగిపోతుంది. లాలాజలం ఆ ఆమ్లాన్ని విరిచి, పోయిన ఖనిజాన్ని కొంత తిరిగి చేర్చడానికి అరగంట నుంచి గంట పడుతుంది. కాబట్టి భోజనంతోపాటు తిన్న ఒక లడ్డూ కన్నా, పొద్దుటినుంచి సాయంత్రం దాకా గంటకోసారి గుక్కెడు గుక్కెడుగా తాగే చక్కెర టీ పళ్లకు ఎక్కువ చేటు చేస్తుంది.

ఆ లాలాజలమే తగ్గిపోతే? రక్తపోటు, అలర్జీ, దిగులు వంటి వాటికి వాడే మందుల్లో చాలావాటివల్ల నోరు ఎండిపోతుంది. నీళ్లు లేకుండా అన్నం ముద్ద దిగకపోవడం, రాత్రి నోరు పిడచకట్టి మెలకువ రావడం, కట్టుడు పళ్లు నిలవకపోవడం దాని గుర్తులు. అలాగని మాత్రలు మీ అంతట మీరు మానకండి. వాటి చీటీని దంతవైద్యుడికి చూపండి. నోరు తడుపుకోవడానికి తీపి చప్పరింపు బిళ్లలు వేసుకుంటే కొత్త పుచ్చును కొనితెచ్చుకున్నట్టే. మామూలు నీళ్లు, చక్కెర లేని చూయింగ్ గమ్ మేలు.

మధుమేహం ఉన్నవారికి చిగుళ్ల జబ్బు త్వరగా ముదురుతుంది; ముదిరిన చిగుళ్ల వాపు రక్తంలో చక్కెరను అదుపు తప్పిస్తుంది. చిగుళ్లకు వైద్యం చేయిస్తే చక్కెర కూడా కొంత దిగుతుందని పరిశోధనల్లో తేలింది. షుగరు పరీక్షకు క్రమం తప్పకుండా వెళ్లేవారు కూడా చిగుళ్లు చూపించుకోకపోవడం నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

పొగాకు విషయంలో మోసం మరో రకంగా ఉంటుంది. అది చిగుళ్లలోని రక్తనాళాలను కుంచింపజేయడంవల్ల, జబ్బు ఉన్నా తోముకునేటప్పుడు రక్తం కనబడదు. రక్తం రావడంలేదు కాబట్టి అంతా బాగుందని చుట్ట, బీడీ, సిగరెట్ కాల్చేవారు అనుకుంటారు. శ్రీకాకుళం, విశాఖ తీరగ్రామాల్లో కొందరు స్త్రీలు చుట్ట నిప్పు కొసను నోటిలోపల పెట్టి కాల్చే అడ్డపొగ అలవాటువల్ల అంగిలికి క్యాన్సర్ వచ్చే ముప్పు ఎక్కువ. అలాంటి అలవాటున్న అమ్మలెవరైనా మీ ఇళ్లలో ఉంటే, నొప్పి లేకపోయినా వారి అంగిలి ఒకసారి చూపించండి.

నల్లగొండ, ప్రకాశం జిల్లాల్లో ఫ్లోరైడు మోతాదు మించిన నీళ్లు తాగి పెరిగినవారి పళ్లపై గోధుమరంగు చారలు ఎనామిల్‌లోనే ఏర్పడినవి. బొగ్గు, ఇటుకపొడి రుద్దితే చారలు పోవు, పన్ను అరుగుతుంది.

ఇక అందరికీ వర్తించేవి: రాత్రి పడుకునేముందు ఫ్లోరైడ్ పేస్టుతో తోముకుని, నురుగు ఉమ్మి, నీళ్లతో ఎక్కువగా పుక్కిలించకుండా వదిలేయండి. పళ్ల సందుల్లో చిన్న బ్రష్ వాడండి. పరీక్ష ఎన్నాళ్లకోసారి అన్నది కూడా ముప్పును బట్టే ఉండాలి. బ్రిటన్ మార్గదర్శకాలు పెద్దలకు 3 నెలల నుంచి 24 నెలల వరకు వ్యవధిని సూచిస్తాయి. నోరు ఎండేవారు, మధుమేహులు, పొగాకు వాడేవారు ఏడాది దాకా ఆగకుండా మూడు నుంచి ఆరు నెలలకోసారి వెళ్లడం మంచిదని నా అభిప్రాయం. నోట్లో పుండు గానీ, తెల్లని, ఎర్రని మచ్చ గానీ రెండు వారాల్లో మానకపోతే మాత్రం ఆ గడువుకోసం ఎదురుచూడక వెంటనే చూపించుకోండి.