ఘాటీ దిగే బండికి ఏ ప్యాడ్లు?

శ్రోతలకు నమస్కారం.

మీలో పికప్ బండి ఉన్నవాళ్ళు కొద్దిమందే ఉంటారు. కానీ మీ ఇంటికొచ్చిన టమాటా, మీ వీధిలో వేసిన షామియానా, పక్కింటివాళ్ళు ఇల్లు మారినప్పుడు మోసుకెళ్ళిన బీరువా, అన్నీ దాని మీదే వచ్చుంటాయి. తీర్థానికి వెనకాల నిలబడి వెళ్ళినవాళ్ళు కూడా ఉంటారు. ఎక్కకూడదు, అయినా ఎక్కుతాం. కాబట్టి దాని బ్రేకుల సంగతి మీక్కూడా కావలసిందే.

విజయనగరంలో నాకో చిన్న మెకానిక్ షెడ్డు ఉంది. వచ్చేవన్నీ బొలేరో పికప్పులు, టాటా ఏస్‌లు, అశోక్ లేలాండ్ దోస్తులు. బ్రేకు పని మీద వచ్చినవాడు బండి దిగుతూనే అడిగే మాట ఒకటే: "ప్యాడ్లెంతవుతాది బావూ?" ఎంత అని అడుగుతాడు గానీ, ఏవి అని అడగడు. నేను జవాబు చెప్పను. తాళం తీసుకుని ముందు చక్రం ఊడదీయిస్తాను. ప్యాడ్ల ధర చెప్పాలంటే ముందు డిస్కు మొహం చూడాలి.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. చక్రంతో పాటు ఒక ఇనప పళ్ళెం తిరుగుతుంది. అదే డిస్కు, కొందరు రోటర్ అంటారు. తిరుగుతున్న పళ్ళాన్ని రెండు అరచేతుల మధ్య నొక్కి పట్టి ఆపినట్టు, రెండు ప్యాడ్లు దాన్ని చెరో పక్క నుంచీ పట్టుకుంటాయి. బండి పరుగంతా అక్కడ వేడిగా మారిపోతుంది. ఎంత వేడి? బండీ సరుకూ కలిపి 3 టన్నులనుకోండి. 60 కిలోమీటర్ల వేగం నుంచి ఒక్కసారి ఆపితే పుట్టే వేడికి లీటరున్నర నీళ్ళు దగ్గర దగ్గర మరిగిపోతాయి. ఇది చదును రోడ్డు మీద. అదే బండి ఘాటీలో, అంటే కొండదారిలో, అరకు నుంచి శృంగవరపుకోటకి దిగిందనుకోండి. తక్కువలో తక్కువ లెక్కేసినా 800 మీటర్లు కిందికి రావాలి. ఆ దిగుడులో వదిలించుకోవాల్సిన వేడి, పెళ్ళి వంటల దగ్గర పెట్టే గుండిగలో 80 లీటర్ల నీళ్ళని మరిగించేంత. ఆ భారం కొంత ఇంజను మోస్తుంది, కొంత గాలికి పోతుంది. గేరు మార్చడానికి బద్ధకించే డ్రైవరైతే, మిగతాదంతా ఆ నాలుగు చక్రాల దగ్గరే.

ఈ లెక్క నాకు పుస్తకంలో కన్నా ముందు ఒక ఫోనులో తెలిసింది. అరకు నుంచి క్యాబేజీ, అల్లం దించే కుర్రాడొకడు ప్యాడ్లు అరిగిపోయి వచ్చాడు. డిస్కు మీద గోరు పెట్టి అంచు దాకా లాగాను. అంచు దగ్గర గోరు ఠక్కున ఆగింది. అంటే ప్యాడు తాకే మేరంతా అరిగి గుంట పడింది, తాకని అంచు గట్టులా మిగిలింది. మధ్యలో గ్రామఫోను రికార్డు మీద ఉన్నట్టు గీతలు. డిస్కు కూడా మార్చాలిరా అన్నాను. "ఇంకా ఇనప్పలక లాగుంది గదా మామా, ప్యాడ్లేసీ, సాలు" అన్నాడు. పండగ ముందు, చేతిలో డబ్బు ఆడటం లేదు. సరే అని వేసేశాను. తప్పు నాదే.

నాలుగో రోజు అనంతగిరి దగ్గర్నుంచి ఫోను. "మామా, పెడలు మెత్తగా కిందికెల్లిపోతంది. కాలెడితే ఏటీ తగల్దు." వాడి అదృష్టం, అప్పటికే రెండో గేరులో ఉన్నాడు. ఫస్టుకి దించి, హ్యాండుబ్రేకు లాగి, కొండ వైపు మట్టికట్టకి చక్రం ఆనించి ఆపుకున్నాడు. నేను వెళ్ళేసరికి ఇంకా కాలిన వాసన వస్తోంది. జరిగిందేమిటంటే, కొత్త ప్యాడు ఆ గీతల శిఖరాల మీదే ఆనింది, మొత్తం మొహం తగల్లేదు. పలచబడ్డ డిస్కులో వేడి దాచుకునే ఇనుము లేదు. ఆ వేడి, ప్యాడ్లని నొక్కే కాలిపర్‌లోకి ఎక్కి, కాలి ఒత్తిడిని ప్యాడ్ల దాకా మోసే బ్రేకు ఆయిల్, ఎప్పుడో పోసింది, మరిగి, లోపల బుడగలు లేచాయి. ఆయిల్ నొక్కుకుపోదు, బుడగ నొక్కుకుపోతుంది. అందుకే కాలు కిందికి జారిపోయింది.

ఇక్కడో గుర్తు చెబుతాను. దిగుడులో పెడలు మెత్తబడి జారిపోతే మరిగింది ఆయిల్. పెడలు రాయిలా గట్టిగానే ఉండి బండి మాత్రం ఆగకపోతే, కాగి పట్టు వదిలింది ప్యాడ్లు. ఇంజను ఆపేసి కొండ దిగితే కూడా పెడలు గట్టిపడిపోతుంది, కాలికి సాయం చేసే బూస్టరుకి ఊపిరి ఇంజను నుంచే అందాలి గనక. డీజిల్ మిగులుతుందని ఇంజను ఆపి బండి దొర్లించేవాళ్ళు ఈ మాట వినాలి.

మరి డిస్కు మార్చాలా వద్దా అన్నది ఎలా తేలుతుంది? కంటితో తేలదు. చాలా డిస్కుల మీద, మధ్య టోపీలాంటి భాగం మీదో అంచు మీదో, కనీస మందం ఎంతుండాలో మిల్లీమీటర్లలో పోతపోసి గాని చెక్కి గాని ఉంటుంది. తుప్పు గీకితే కనబడుతుంది. మైక్రోమీటరు పెట్టి నాలుగైదు చోట్ల కొలవాలి. ఆ అంకె కన్నా తగ్గితే ఇక బేరం లేదు. కొంచెం ఎక్కువుంటే లేతు మీద మొహం చెక్కించి చదును చేయించుకోవచ్చు గానీ, తీశాక కూడా ఆ అంకెకి పైనే ఉండాలి, ఇంకా కొన్నాళ్ళు అరగడానికి మిగలాలి. 22 మిల్లీమీటర్ల డిస్కుకి కనీసం 20 అని రాసుందనుకోండి. 20.3 దగ్గర లేతుకి పంపడం దండగ. లేతు కూలి కన్నా కొత్త డిస్కు నయం. రెండు పక్కలా జతగానే మార్చాలి. ఒక పక్క కొత్తది, ఇంకో పక్క పాతది పెడితే బ్రేకు కొట్టినప్పుడు బండి పక్కకి లాగుతుంది.

డిస్కుకి చిల్లులున్నవి బాగుంటాయని కొందరు అడుగుతారు, ఫోనులో చూసి. లోడు బండికి వద్దంటాను. చిల్లు ఉన్నచోట ఇనుము తగ్గింది, వేడెక్కి చల్లారే కొద్దీ పగులు అక్కడే మొదలవుతుంది. మీ బండికి కంపెనీ లోపల గాలి దారులున్న డిస్కు ఇస్తే అదే సైజులో అలాంటిదే వేసుకోండి.

ఇప్పుడు ప్యాడ్లు. కొత్త ప్యాడు మీద మసాలా, మేమలాగే అంటాం, 10 నుంచి 12 మిల్లీమీటర్లు ఉంటుంది. 3 మిల్లీమీటర్లకి వచ్చిందంటే, అగ్గిపుల్లన్నర మందం అనుకోండి, మార్చేయాలి. ఆ మసాలాలో రకాలున్నాయి. నారతో, జిగురుతో చేసిన సేంద్రియ రకం మెత్తన, చప్పుడు చెయ్యదు, డిస్కుని తినదు, కానీ ఘాటీలో తొందరగా చేతులెత్తేస్తుంది. ఇనప తీగలూ పొడీ కలిపిన సెమీ మెటాలిక్ రకం వేడికి నిలబడుతుంది. తెల్లారగట్ల చల్లగా ఉన్నప్పుడు మొదటి రెండు బ్రేకులు కాస్త మొండిగా పడతాయి, కీచుమంటుంది, డిస్కుని కొంచెం ఎక్కువ అరగదీస్తుంది. సెరామిక్ శుభ్రంగా, నిశ్శబ్దంగా ఉంటుంది. టౌనులో తిరిగే కారుకి బాగు. టన్నున్నర సరుకు మోసే పికప్‌కి నేనైతే సెమీ మెటాలిక్కే వేస్తాను. డిస్కు అరుగుతుందే అంటారు. అరగనివ్వండి. కొండ మీద నాకు ముందు కావలసింది ఆగడం.

షాపులో పెట్టె మీద బొమ్మ చూసి మోసపోకండి. ప్యాడు చేతిలోకి తీసుకుని అంచు చూడండి. చీమల బారులా అక్షరాలు, అంకెలు అచ్చయి ఉంటాయి. చాలా ప్యాడ్ల మీద అందులో రెండు ఇంగ్లీషు అక్షరాలు పక్కపక్కనే ఉంటాయి, ఎఫ్ఎఫ్ అనో, జీజీ అనో. మొదటిది మామూలు వేడిలో ఉన్నప్పటి పట్టు, రెండోది కాగినప్పటి పట్టు. ఘర్షణ లెక్కలో ఇంగ్లీషు 'ఈ' అంటే 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55. ఘాటీ బండివాడు చూడాల్సింది రెండో అక్షరం. మొదటిది ఎఫ్, రెండోది 'ఈ' ఉందనుకోండి, కాగాక పట్టు సడలుతుందని ఆ ప్యాడే తన నోటితో చెబుతోంది. అలాగని జీ కోసం ఎగబడక్కర్లేదు. వెనక చక్రాల డ్రమ్ము బ్రేకులు పాతవే ఉండి, ముందు మాత్రం విపరీతంగా పట్టేవి వేస్తే, వాన రోడ్డు మీద ముందు చక్రాలు జారతాయి. ఈ అక్షరాలు ఎన్నాళ్ళు మన్నుతాయో చెప్పవు, అదీ గుర్తుంచుకోండి.

సాలూరు మీదుగా సుంకి ఘాటీ ఎక్కి కోరాపుట్ వెళ్ళేవాళ్ళకి ఇదే మాట. 2022లో జిల్లాలు విడదీశాక సాలూరు పార్వతీపురం మన్యంలోకి వెళ్ళింది గానీ, మా నోటికి అదింకా విజయనగరమే.

కళింగపట్నం, భావనపాడు వైపు చేపల బండ్లది వేరే గోల. అక్కడ కొండ లేదు, ఉప్పుంది. మంచు కరిగిన ఉప్పునీళ్ళు ట్రక్కు కింద కారుతూనే ఉంటాయి. రాత్రి పట్టిన పైపై తుప్పు పొద్దున రెండు బ్రేకులకి రాలిపోతుంది, దానికి భయం లేదు. ప్యాడు వెనక ఇనప్పలకకీ మసాలాకీ మధ్య తుప్పు చేరితే మాత్రం, అది ఉబ్బి మసాలాని పెచ్చులా లేపేస్తుంది. అందుకని వెనక పలకకి జింకు పూత ఉన్నదో, రంగు గట్టిగా పట్టినదో తీసుకోండి. కాలిపర్ జారే పిన్నులు బిగుసుకుంటే ఒక ప్యాడు అరిగిపోయి రెండోది కొత్తదిలాగే ఉంటుంది. వాటికి బ్రేకుల కోసం అమ్మే సిలికాన్ గ్రీజే రాయాలి. మామూలు గ్రీజుకి రబ్బరు ఉబ్బిపోతుంది. సాయంత్రం దిగుమతయ్యాక చక్రాల మీద రెండు బకెట్లు మంచినీళ్ళు కొట్టండి.

ఇంకో సంగతి, దీన్ని చెప్పేవాళ్ళు తక్కువ. చాలా పికప్‌లలో వెనక ఇరుసుకి కట్టిన ఒక వాల్వు ఉంటుంది. బండి వెనక ఎంత కుంగిందో చూసి, దాన్నిబట్టి వెనక బ్రేకులకి ఒత్తిడి పంపుతుంది. మనవాళ్ళు ఎక్కువ లోడు కోసం కమాన్లలో, అంటే బండి బరువు మోసే స్ప్రింగుల్లో, అదనపు పట్టీలు వేయిస్తారు. సరుకెక్కినా బండి కుంగదు. వాల్వు పాపం బండి ఖాళీ అనుకుంటుంది, వెనక బ్రేకులకి తక్కువ పంపుతుంది. భారమంతా ముందు ప్యాడ్ల మీదే. మూణ్ణెల్లకోసారి ప్యాడ్లు అరిగిపోతున్నాయి, కంపెనీ మంచిది కాదు అని వచ్చేవాళ్ళ బండి కింద దూరి చూస్తే, ఒక్కోసారి కొత్త పట్టీ మెరుస్తూ కనబడుతుంది.

బ్రేకు ఆయిల్ విషయం క్లుప్తంగా. బండిలో ఆ ఆయిల్ పోసే డబ్బా మూత మీద డాట్ 3 అనో డాట్ 4 అనో రకం రాసి ఉంటుంది, అదే పోయండి. కొత్త డాట్ 3 కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, డాట్ 4 అయితే 230. గాలిలోని తేమ తాగేశాక అవి 140కీ, 155కీ పడిపోతాయి. రెండేళ్ళకోసారి పూర్తిగా మార్చాలి.

కొత్త డిస్కుకి తుప్పు పట్టకుండా నూనె పూసి ఇస్తారు. అది కడగకుండా బిగిస్తే ప్యాడు ఆ నూనె తాగి పాడవుతుంది. బిగించే ముందు, డిస్కు కూర్చునే హబ్బు మొహం మీద తుప్పు బ్రష్షుతో గీకాలి, అక్కడ రవ్వంత తుప్పు మిగిలినా డిస్కు వంకరగా తిరిగి పెడలు కాలి కింద దడదడలాడుతుంది. పని అయ్యాక బండి కదిపే ముందు పెడలు పది పన్నెండుసార్లు తొక్కండి. లోపలికి నెట్టిన పిస్టను ప్యాడుని చేరుకునేదాకా బ్రేకే ఉండదు. మొదటి తొక్కు నేల దాకా వెళ్ళిపోతుంది. షెడ్డు గోడకి నా చేతులతోనే ఒక బండి గుద్దించాను, మొదట్లో. ఆ సొట్ట ఇంకా ఉంది.

తర్వాత ఖాళీ బండితో, ట్రాఫిక్ లేని రోడ్డు మీద, 50 వేగం నుంచి 10 దాకా నెమ్మదిగా తగ్గిస్తూ ఇరవై ముప్పైసార్లు. మధ్యలో చల్లారనివ్వాలి, పూర్తిగా నిలిపేసి కాలు అదిమిపెట్టి ఉంచకూడదు. ప్యాడు మసాలా డిస్కు మీద సమంగా పూతలా పరుచుకోవాలి. కొత్త ప్యాడ్లు వేయించుకుని ఆ సాయంత్రమే లోడుతో ఘాటీ ఎక్కితే ఇదంతా వృథా.

ఆ కుర్రాడి డిస్కుని నేను పారేయలేదు. వేడికి చిన్న పగులిచ్చింది, కంటికి ఆనదు. మా షెడ్డు దూలానికి తాడుతో కట్టి వేలాడదీశాను, దాని పక్కన పగలని పాత డిస్కొకటి. ప్యాడ్లు చాలు, డిస్కొద్దు అని ఎవరైనా అన్నప్పుడు, స్పానరు వాళ్ళ చేతికే ఇస్తాను. సంతలో కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తాం కదా, అలాగ. మంచిది ఖంగుమని చాలాసేపు మోగుతుంది. రెండోది టక్కుమంటుంది, అంతే.