భుజకీర్తి ఎందుకు ఊడింది

అమ్మాయి: నమస్కారం. ఈ ఎపిసోడు స్టూడియోలో రికార్డు చేయడం లేదు. విజయవాడ ఆటోనగర్‌లో, మా మామయ్య షాపు వెనుక గదిలో కూర్చున్నాం. మధ్యమధ్య సుత్తి దెబ్బలు, లారీ హారన్లు వినిపిస్తాయి. వాటిని తీసేయడం నా చేతుల్లో లేదు. మామయ్య లారీలకు, కార్లకు సీట్లు కుడతారు. ఇరవై ఏళ్ల నుంచి...

మామయ్య: ఇరవై ఆరు.

అమ్మాయి: ఇరవై ఆరు. కాస్‌ప్లే, అంటే కథల్లోని పాత్రల్లా వేషం కట్టుకునే సరదా. ఆ మాట మాత్రం నెల క్రితమే మొదటిసారి విన్నారు.

మామయ్య: తెనాలిలో నాటకాల వాళ్లు కిరీటాలు, భుజకీర్తులు పెట్టుకుంటారు. నువ్వు నాటకం లేకుండానే పెట్టుకుంటున్నావు. నాకు అర్థమైంది అంతవరకే.

అమ్మాయి: అంతకంటే ఎక్కువేమీ లేదు మామయ్యా. 1939లో న్యూయార్క్‌లో సైన్స్ ఫిక్షన్ అభిమానుల మొదటి ప్రపంచ సమావేశం జరిగింది. మర్టిల్ డగ్లస్ అనే ఆవిడ భవిష్యత్తు మనుషుల దుస్తులు కుట్టి, తానొకటి వేసుకుని, స్నేహితుడు ఫారెస్ట్ ఆకర్‌మన్‌కు ఒకటి ఇచ్చింది. ఈ సరదా అక్కడి నుంచి ఇక్కడిదాకా వచ్చింది.

మామయ్య: పేరు ఎవరికి వచ్చింది?

అమ్మాయి: చాలాకాలం ఆయనకే.

మామయ్య: అనుకున్నాను. కుట్టినవాళ్ల సంగతి ఎప్పుడూ అంతే. సరే, నీ కవచం కథ చెప్పు. అందరూ వినాలి.

అమ్మాయి: నాది పల్నాటి యోధురాలి వేషం. నాగమ్మ కథ చిన్నప్పటి నుంచి ఇష్టం. ఆవిడ మంత్రి కదా, కవచం ఎందుకని అమ్మ అడిగింది. కవచం నా ఊహ అని చెప్పాను. వక్షానికి ఒక కవచం, రెండు భుజకీర్తులు, ముంజేతులకు రెండు. అన్నీ పిల్లలు ఆడుకునే గదుల్లో పరుస్తారే, ఆ గళ్ల చాపలతో చేశాను.

మామయ్య: ఈవీఏ ఫోము. చాలా చెప్పుల అట్టలు చేసేది దానితోనే. అది మంచి సరుకు, దాన్ని తప్పు పట్టను.

అమ్మాయి: సరుకు మంచిదే, నేనే తప్పు చేశాను. తెల్లవారుజామున రైలెక్కి హైదరాబాద్‌లో కాస్‌ప్లే వేడుకకు వెళ్లాను. వేషం వేసుకుని ప్రవేశ ద్వారం దగ్గర వరుసలో నిలబడ్డాను. ముందున్న పాప ఫొటో అడిగితే కత్తి పైకెత్తాను. ఎడమ భుజకీర్తి ఊడి ఆ పాప కాళ్ల దగ్గర పడింది. పాప ఏడవలేదు. తీసి నా చేతికిచ్చి "అక్కా, మీ రెక్క" అంది.

మామయ్య: (నవ్వు) రెక్క!

అమ్మాయి: అక్కడే సూపర్ గ్లూ పెట్టి అంటించాను. అరగంటకు మళ్లీ ఊడింది. ఈసారి ఫోము చీలిక కూడా పట్టుకుని వచ్చింది.

మామయ్య: అవును, ఆ గమ్ ఎండితే గాజులా బిగుసుకుంటుంది. ఫోమేమో మెత్తగా వంగుతుంది. వంగే దాని పక్కన వంగనిది పెడితే, వంగిన ప్రతిసారీ ఆ గీత దగ్గరే కోత పడుతుంది. అత్యవసరానికి పనికొస్తుంది, కాదనను. ఆ రాత్రికే దాన్ని గీకేసి మళ్లీ చేసుకోవాలి.

అమ్మాయి: గ్లూ తక్కువైంది కాబోలు, ఇంకా గట్టి గ్లూ కావాలి అనుకుంటూ ఇక్కడికి వచ్చాను. మామయ్య గ్లూ మాటే ఎత్తలేదు. భుజకీర్తిని అటూ ఇటూ తిప్పి చూసి "పటకా ఎక్కడ పెట్టావు?" అన్నారు.

మామయ్య: లోపలి వైపు నైలాన్ పటకాను గమ్‌తో అంటించింది, అంతే. వినేవాళ్లకు ఒక్క ముక్క చెబుతాను. రెండు అట్టలు అంటించి, వాటిని ఒకదాని మీద ఒకటి జారేలా పక్కకు లాగండి. ఎంత లాగినా రావు. ఇప్పుడు ఒక మూల గోటితో లేపి పైకి లాగండి. అరటిపండు తొక్క ఒలిచినట్టు వచ్చేస్తుంది. గమ్ అదే, అంటించిన మనిషీ అదే, లాగిన దిక్కు మారింది. నువ్వు చెయ్యి ఎత్తినప్పుడల్లా పటకా భుజకీర్తిని ఒలుస్తూనే ఉంది. హైదరాబాద్‌లో ఊడింది కానీ, ఇంట్లో వేసుకుని చూసుకున్న మొదటి రోజే ఊడటం మొదలైంది.

అమ్మాయి: నాకు ఈ మాట దగ్గరే నోరు మూతపడింది.

మామయ్య: లారీ సీటులో రెక్సిన్‌ను గమ్‌తో అంటించి ఊరుకుంటానా? ఫోము కదలకుండా ఉంచడానికే గమ్. డ్రైవరు బరువు మోసేది దారం, కింద చెక్కకు కొట్టిన పిన్నులు. రోజుకు వంద సార్లు ఎక్కి దిగే మనిషి ఆ సీటు అంచును ఒలుస్తూనే ఉంటాడు కదా.

అమ్మాయి: ఇప్పుడు ఎలా చేశారో చెప్పండి.

మామయ్య: పటకా వెడల్పుకు ఫోములో సన్నని గాటు పెట్టాను. పటకాను ఆ గాటులోంచి అవతలికి తీసి, బయట ఒక అంగుళం మడిచి, ఒక రెక్సిన్ ముక్కకు కుట్టేశాను. రెక్సిన్ ముక్క అరచేతిలో సగం ఉంటుంది. దాన్ని ఫోముకు అంటించాను. ఇప్పుడు పటకా లాగితే బరువు ఆ ముక్కంతా పంచుకుంటుంది. పైన నీ నగిషీ ముక్క వచ్చి దాన్ని కప్పేసింది. గాటు రెండు కొసల్లో చిన్న గుండ్రటి రంధ్రం ఉండాలి, ఇది మరిచిపోవద్దు. కోసుగా వదిలేస్తే గాటు అక్కడి నుంచి పాకుతుంది.

అమ్మాయి: రివెట్ పెడితే?

మామయ్య: పెట్టవచ్చు. రెండు వైపులా వెడల్పాటి వాషర్ ఉండాలి. లేకపోతే రివెట్ మెత్తటి ఫోములోంచి బొత్తంలా బయటికి జారుతుంది. నీకు మరలు తిప్పి విప్పే రకం పెట్టాను, గుర్తుందా? బెల్టుల షాపుల్లో దొరుకుతాయి. పాడైతే ఆ ముక్కొకటే విప్పుకోవచ్చు.

అమ్మాయి: ఇది నా మొదటి పాఠం అసలు. అన్నీ ఒకదానికొకటి శాశ్వతంగా అంటించేశాను. ఎడమది పోతే మొత్తం కోయాల్సి వచ్చింది. ఇప్పుడు భుజకీర్తి వక్షకవచానికి బకిల్‌తో తగులుకుంటుంది. రైలులో విడదీసి బ్యాగులో పెట్టుకోవచ్చు. ఇక గమ్ సంగతికి వద్దాం. నేను అందులోనూ తప్పు చేశానట.

మామయ్య: చేశావు. తడిగా ఉండగానే అంటించావు. చీలిన చోట చూస్తే లోపల గమ్ ఇంకా జిగటగా ఉంది, మూడు నెలల తర్వాత కూడా! పసుపుపచ్చ రబ్బరు గమ్ రెండు ముఖాలకూ పలచగా పూయాలి. పూశాక వదిలేసి టీ తాగి రావాలి. వేలి వెనుక భాగం ఆనించి చూస్తే అంటకూడదు. పదీ పదిహేను నిమిషాలు పడుతుంది, ఎండల్లో ఇంకా తొందరగా. అప్పుడు రెండూ కలిపి గట్టిగా నొక్కాలి. ఒకసారి కలిశాక సర్దుకోవడం కుదరదు, కాబట్టి ఒక అంచు నుంచి మెల్లగా దించుకుంటూ రావాలి. కోసిన అంచు గమ్‌ను పీల్చేస్తుంది, అక్కడ రెండు పూతలు వేయాలి.

అమ్మాయి: వానాకాలంలో?

మామయ్య: ఎందుకడిగావో తెలుసు, ఆగస్టులో అంటించావు. గమ్‌లోని ద్రవం ఆవిరవుతూ ఆ ముఖాన్ని చల్లబరుస్తుంది. గాలి తేమగా ఉంటే దాని మీద కంటికి కనపడని చెమ్మ పడుతుంది. మన కృష్ణ ఒడ్డు వానల సంగతి చెప్పాలా? అలాంటి రోజు వేడి గాలి ఊదే హీట్ గన్‌తో రెండు ముఖాలూ కొద్దిగా వెచ్చచేసి అంటిస్తాను. ఆవిర్లు పూర్తిగా పోయాకే సుమా, గమ్ మంటలకు అంటుకుంటుంది.

అమ్మాయి: దీనిమీద ఒక మాట. పోయినసారి మా ఫ్లాటు వెనుక గదిలో తలుపులు వేసుకుని అంటించాను. తల తిరిగింది, అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. కరోనా రోజుల్లో పెట్టుకున్న మాస్కు ఫోము గీసిన దుమ్మును ఆపుతుంది, ఈ ఆవిర్లను ఆపదు. దానికి బొగ్గు డబ్బాలున్న మాస్కు కావాలి. నేనిప్పుడు మేడ మీదకు పోతున్నాను.

మామయ్య: థర్మోకోల్ మాట కూడా చెప్పు.

అమ్మాయి: చెప్పాలంటే సిగ్గుగా ఉంది. కిరీటం థర్మోకోల్‌తో చేశాను. ఇదే గమ్ పూశాను. కిరీటం నా కళ్ల ముందే గుంటలు పడి, ముడుచుకుపోయింది.

మామయ్య: ఆ ద్రవానికి థర్మోకోల్ కరిగిపోతుంది. చాలా స్ప్రే రంగులకూ అంతే. ఈవీఏ తట్టుకుంటుంది.

అమ్మాయి: రంగుల మాట ఎలాగూ వచ్చింది కాబట్టి త్వరగా ముగిస్తాను, ఇది నా విభాగం. రంగు వేసే ముందు ఫోము పైన హీట్ గన్ తిప్పాలి. పైపొర కొద్దిగా మెరుపు తిరుగుతుంది, సన్న రంధ్రాలు మూసుకుంటాయి. చిన్న నొక్కులు కూడా ఆ వేడికి ఉబ్బి సర్దుకుంటాయి. పాత కవచం మరమ్మతులో సగం ఇదే, కొత్తగా ఏమీ కొననక్కరలేదు. తర్వాత పలచని పూతలు. మందంగా ఒక్కసారే వేస్తే వంగినచోట పగులుతుంది. నేను అతుకుల మీద గోడలకు పెట్టే లప్పం పెట్టాను.

మామయ్య: అది రాలింది.

అమ్మాయి: పిండిలా రాలింది. ఇప్పుడు యాక్రిలిక్ సీలెంటు వాడుతున్నాను, పెయింటర్లు కిటికీ చట్రాల పక్క సందుల్లో నింపేది. తడి వేలితో రాస్తే అతుకు మాయమవుతుంది, ఎండాక రబ్బరులా వంగుతుంది. సిలికాన్ మాత్రం వద్దు, దాని మీద రంగు నిలవదు.

మామయ్య: మనకిది కొత్త కాదు. కొండపల్లి బొమ్మలు చూశావా? చేతులు, తలపాగా విడిగా చెక్కుతారు. రంపపు పొట్టు, చింతగింజల పిండి కలిపి మక్కు చేసి దానితో అతుకుతారు, సందులు పూడుస్తారు. బొమ్మ తెల్లపొణికి చెక్క, నింపేది కూడా చెక్క పొట్టే. ఏ సరుకుకు ఆ సరుకు లాంటిదే పెట్టాలని వాళ్లకు ఎవరు చెప్పారు?

అమ్మాయి: నాకు మీరు చెప్పారు, కాకపోతే ఏడాది ఆలస్యంగా.

మామయ్య: నువ్వు అడిగితేగా!

అమ్మాయి: ఒప్పుకుంటాను. ఇక ఎండ. ఇది విజయవాడ వాళ్లకు ప్రత్యేకం. స్నేహితురాలు ముంజేతి కవచాన్ని త్రీడీ ప్రింటర్‌లో చేయించుకుంది. పీఎల్ఏ అనే ప్లాస్టిక్. మే నెలలో కారు వెనుక అద్దం కింద పెట్టి అన్నం తినడానికి వెళ్లింది. వచ్చేసరికి అరటి డొప్పలా వాలిపోయింది. పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. బయట 44 ఉన్న రోజున మూసిన కారు లోపల అంత వేడి రావడం పెద్ద విషయం కాదు.

మామయ్య: ఫోము కూడా ఆ వేడికి పాత ఆకారం గుర్తు తెచ్చుకుంటుంది. వంచినదంతా తిరిగి బల్లపరుపుగా రావాలని చూస్తుంది. రబ్బరు గమ్ కూడా మెత్తబడుతుంది. అందుకే లోపల పాత వార్తాపత్రికలు కుక్కి, నీడలో పెట్టమన్నాను. వేలాడదీయవద్దు, వాటి బరువుకు అవే సాగుతాయి.

అమ్మాయి: మెరుగుదలల్లో నాకు బాగా నచ్చింది ఇంకొకటి ఉంది. మామయ్య లోపల అస్తరు పెట్టారు.

మామయ్య: కాటన్ గుడ్డ. పీకి ఉతుక్కునేలా పెట్టాను. చెమట ఫోములోకి ఇంకితే వాసన పోదు, గమ్ కూడా లేస్తుంది. ఈ అమ్మాయి వెల్‌క్రోను దాని వెనుక ఉన్న బంకతోనే అంటించింది. చెమట తగిలాక అది ఎన్ని గంటలు ఉంటుంది? గుడ్డకు కుట్టి, ఆ గుడ్డను ఫోముకు అంటించాలి. మళ్లీ అదే మాట, దారం.

అమ్మాయి: మీరు ప్రతిదానికీ దారం అంటారు.

మామయ్య: నాకు వచ్చిన పని అది. నువ్వు ప్రతిదానికీ గమ్ అన్నావు, చూశాం కదా.

అమ్మాయి: (నవ్వు) ఒక చోట మాత్రం నేను ఒప్పుకోను. భుజకీర్తి పటకాలో సగం దూరం ఎలాస్టిక్ పెట్టారు. అది వదులుగా ఊగుతోంది.

మామయ్య: ఊగాలి. చెయ్యి ఎత్తితే నీ భుజం పైకి వస్తుంది, కవచానికి ఆ దారి ఇవ్వాలి. బిగించి పెడితే మళ్లీ ఎక్కడో ఒకచోట ఒలుస్తుంది.

అమ్మాయి: ఫొటోల్లో వంకరగా వస్తుంది మామయ్యా. వెనుక ఒక చిన్న కొక్కెం పెట్టండి. ఫొటో దిగేటప్పుడు తగిలిస్తాను, నడిచేటప్పుడు తీసేస్తాను.

మామయ్య: ...అది పనికొస్తుంది. ఆ మాట మొదటే చెబితే పోయేది.

అమ్మాయి: వింటున్నవారు గుర్తుంచుకోండి, మామయ్య ఒప్పుకున్నారు. సరే, ఇప్పుడు వేసుకుని చూపిస్తాను. మైకు పక్కన పెడుతున్నాను. (బకిళ్ల చప్పుడు) ఎడమది తగిలింది. కుడిది కూడా.

మామయ్య: చెయ్యి ఎత్తు. పూర్తిగా. కత్తి పట్టుకున్నట్టు.

అమ్మాయి: ఎత్తాను.

మామయ్య: ఇంకోసారి. దించు. మళ్లీ ఎత్తు. పది సార్లు ఎత్తు.

అమ్మాయి: పదా?

మామయ్య: లారీ డ్రైవరు వంద సార్లు ఎక్కుతాడని చెప్పానుగా. లెక్కపెట్టు. తొందరేమీ లేదు, ఈలోగా టీ చెప్పి వస్తాను.

అమ్మాయి: నాలుగు... ఐదు... మామయ్యా, నాకు పంచదార తక్కువ! ఆరు...