అమ్మ అటు, బాబు ఇటు

శ్రోతలకు నమస్కారం. అండమాన్ అనగానే ఎవరైనా సెల్యులార్ జైలుతో మొదలుపెడతారు. నాకున్నది ఐదు నిమిషాలే కాబట్టి జైలు సంగతి ఇంకోసారి చెప్పుకుందాం. ఇవాళ ఒక చిన్న పడవ గురించి చెబుతాను.

మా ఆవిడా నేనూ జనవరిలో పోర్ట్ బ్లెయిర్ వెళ్లాం. ఇప్పుడు ఆ ఊరిని శ్రీ విజయపురం అంటున్నారు. అక్కడి నుంచి తెల్లారుతూనే కారెక్కి వండూరు చేరుకున్నాం. 1983లో ఏర్పాటైన మహాత్మాగాంధీ సముద్ర జాతీయ పార్కుకు అక్కడి నుంచే పడవలు వెళతాయి. పార్కులో 15 దీవులున్నాయి. మేం వెళ్లాల్సిన దీవి పేరు జాలీబాయ్. అక్కడ ఇల్లూ లేదు, వాకిలీ లేదు, టీ కొట్టు అసలే లేదు. పొద్దున వెళ్లి మధ్యాహ్నానికి తిరిగి వచ్చేయాలి.

జెట్టీ దగ్గర సంచులు వెతుకుతారు. దీవికి ప్లాస్టిక్ తీసుకెళ్లనివ్వరు. ఈ సంగతి తెలిసి మా ఆవిడ స్టీలు డబ్బాలో పులిహోర, స్టీలు సీసాలో నీళ్లు సర్దింది. నా సంచిలో మాత్రం రెండు చిప్స్ ప్యాకెట్లు దొరికాయి. అక్కడే అప్పగించాను. ఆవిడ ఏమీ అనలేదు. ఓసారి చూసింది, అంతే.

మడ అడవుల పక్కనుంచి పెద్ద పడవ మమ్మల్ని తీసుకెళ్లింది. దీవి దగ్గర రేవు లేదు కాబట్టి అది ఒడ్డుదాకా రాదు, కాస్త ఇవతలే ఆగిపోతుంది. అక్కడి నుంచి చిన్న పడవలోకి మారాలి. నేను చెబుతానన్నది ఈ పడవ గురించే. దాని అడుగున మధ్యలో అద్దం బిగించారు. అద్దానికి అటొక బల్ల, ఇటొక బల్ల. మోకాళ్లు ఎదుటివాళ్ల మోకాళ్లకు తగులుతుంటాయి.

"నెమ్మదిగా బాబూ, అంచు మీద కాదు, మధ్యలో అడుగెయ్యండి" అన్నాడు పడవతను. తెలుగే! మీదే ఊరని అడిగితే, "తాతలది సిక్కోలు జిల్లా. మేం ఇక్కడే పుట్టేం" అన్నాడు. పెద్ద ఆశ్చర్యమేమీ కాదులెండి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో నూటికి పదమూడు మంది మాతృభాష తెలుగు. జంగ్లీఘాట్‌లో చేపల బజారుకి వెళితే మనకి హిందీతో పనే పడదు.

నేను వెళ్లి మా ఆవిడ పక్కన కూర్చోబోయాను. "అమ్మ అటు, బాబు ఇటు" అన్నాడతను. మా వెనక కొత్తగా పెళ్లయిన జంట ఎక్కింది. వాళ్లకీ అదే మాట. చెయ్యి వదలలేక వదిలి ఎదురెదురుగా కూర్చున్నారు, పాపం. నన్ను పైనుంచి కిందిదాకా ఒకసారి చూసి, అటు పక్కకి ఇంకో కుర్రాణ్ని పిలిచాడు. అంటే నా బరువు మోయడానికి మా ఆవిడ ఒక్కతే చాలదని!

పడవ కదిలింది. అద్దం కింద మొదట ఇసుకే కనిపించింది. తర్వాత పగడపు దిబ్బలు వచ్చాయి. కొన్నిచోట్ల బూడిదరంగులో విరిగిపడి ఉన్నాయి. 2010లో సముద్రం బాగా వేడెక్కినప్పుడు ఈ ప్రాంతంలో చాలా పగడాలు తెల్లబడి చచ్చిపోయాయి. పగడంలో కాపురముండి దానికి తిండీ రంగూ ఇచ్చే నాచు, వేడికి తట్టుకోలేక బయటికి పోతుంది. ఆ దిబ్బల మధ్యే ప్రాణమున్నవీ కనిపించాయి, మెదడులా మడతలు మడతలుగా. అంతలో నీలంగా, ఆకుపచ్చగా ఒక చిలక చేప వచ్చి పగడాన్ని కొరికింది. నిజంగానే కొరికింది. ఆ చేప నమిలి వదిలిన పగడపు పొడే అక్కడి తెల్ల ఇసుకలో కొంత భాగం.

అంతే, నేను ఫోను తీసి లేచి నిలబడ్డాను. పడవ నావైపు ఒరిగింది. దోసెడు నీళ్లు లోపలికి వచ్చాయి.

"కూకోండి బాబూ! కూకోండి!"

ఫోను చేతిలోనే ఉంది, నేనే మా ఆవిడ ఒళ్లో పడ్డంత పనైంది. ఆ పెద్దమనిషి కోప్పడలేదు. "చేప కిందుంది. పైకి లెగిస్తే ఏటి కనపడతాది?" అన్నాడు.

నేను అడగదలచుకున్నదీ ఇదొక్కటే. మీరు అండమానే వెళ్లక్కర్లేదు, మన గోదావరిలోనో కృష్ణలోనో చిన్న పడవ ఎక్కినా సరే, కూర్చోండి. కూర్చుంటే మన బరువు కిందుంటుంది, పడవ నిలకడగా ఉంటుంది. నిలబడితే అదే బరువు పైకెక్కుతుంది, చిన్న అలకే పడవ పక్కకి వాలుతుంది. వింత కనిపించింది కదా అని అందరూ ఒకే వైపు వంగినా అంతే. లైఫ్ జాకెట్ పట్టీలు కూడా బిగించుకోండి. ఫొటో బాగా రావడం లేదని నేను విప్పబోయాను. మా ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది.

దీవిలో పులిహోర తిన్నాం, మోకాలిలోతు నీళ్లలో నిలబడ్డాం. తిరిగి వచ్చేటప్పుడు ఎవరూ చెప్పకుండానే ఆవిడ అటు బల్ల మీద, నేను ఇటు బల్ల మీద కూర్చున్నాం. ఆ కొత్త జంట కూడా.

జెట్టీలో నా చిప్స్ ప్యాకెట్లు నాకు ఇచ్చేశారు. ఒకటి మా ఆవిడే తినేసింది.