రోజుకో బొమ్మ

(కావలిలో గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు వచ్చిన పెద్దలకు, అమ్మలకు, వెనక బెంచీల మీద సర్దుకుని కూర్చున్న పిల్లలకు నమస్కారం.

గ్రంథాలయ వారోత్సవాల్లో చదువు గురించి మాట్లాడటం ఆనవాయితీ. నన్ను మాత్రం బొమ్మల గురించి మాట్లాడమన్నారు. జిల్లా పరిషత్ హైస్కూళ్లలో డ్రాయింగు టీచరుగా పనిచేసి రిటైరైనదాన్ని కాబట్టి, పిల్లలకు బొమ్మలు ఎలా నేర్పాలో చెబుతానని మీరు అనుకుని ఉంటారు. కానీ నేను ఇవాళ మాట్లాడదలుచుకున్నది పెద్దవాళ్ల గురించి. నలభై దాటినవాళ్లు, పిల్లల పెళ్లిళ్లు చేసేసినవాళ్లు, పెన్షను తీసుకుంటున్నవాళ్లు కూడా రోజూ కాసేపు తమ చేత్తో ఒక బొమ్మో, ముగ్గో, అల్లికో, లేకపోతే గొంతెత్తి ఒక పద్యమో సాధన చేయాలి. పేరు కోసం కాదు. రోజూ కళ్ల ముందు తిరిగేదాన్ని నిజంగా చూడటం కోసం.

మన దగ్గర ఏం జరుగుతోందో మీకు తెలుసు. ఆరో తరగతి దాకా పిల్లలు గోడల మీద, నోటు పుస్తకాల వెనక పేజీల్లో, ఇసుకలో, ఎక్కడ పడితే అక్కడ గీస్తారు. టెన్తు దగ్గరపడేసరికి ఆ రంగుల డబ్బా అటక ఎక్కుతుంది. మళ్లీ దిగదు. ముప్పై ఏళ్ల తర్వాత ఆ పిల్లే నా దగ్గరకు వచ్చి, "నాకు బొమ్మలు యాడొస్తాయి టీచరమ్మా" అంటుంది. పాటదీ అదే దారి. బాగా పాడేవాళ్లను వేదిక మీద కూర్చోబెట్టి మనం కింద కూర్చుని చప్పట్లు కొడుతున్నాం. వాళ్లను గౌరవించాల్సిందే. అయితే మన గొంతు, మన చెయ్యి ఎందుకు మూగబోవాలి? ఈ విషయం నన్ను చాలా ఏళ్లుగా బాధపెడుతోంది.

అసలు రోజూ కళ అనేది మనకు కొత్తది కాదు. తెల్లవారుజామున ఏ వీధిలోకైనా వెళ్లి చూడండి. 15 నుంచి 8 దాకా సందు చుక్క పెట్టే ఆవిడ దగ్గర ఓ నిమిషం నిలబడండి. ముందు నడుమ 15 చుక్కల వరస. దానికి పైనా కిందా, చుక్కల సందుల్లో 14. ఆ తర్వాత 13. అలా 8 వచ్చేదాకా. మొత్తం 169 చుక్కలు. ఆవిడ స్కేలు పెట్టదు, లెక్క రాసుకోదు. నడుం వంచి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనుంచి పిండిని కొంచెం కొంచెంగా వదులుతూ పోతుంది. ఆఖరి వరస అయ్యేసరికి ఆరు మూలలూ సమానంగా తేలతాయి. ఒక మూల చుక్క కాస్త జరిగిందనిపిస్తే కాలి బొటనవేలితో చెరిపి మళ్లీ పెడుతుంది. మెలికల ముగ్గైతే ఇంకా కష్టం. గీత ఏ చుక్కనూ తాకకూడదు, ఏ చుక్కనూ వదలకూడదు, చుట్టుకుంటూ వెళ్లి బయలుదేరిన చోటికే చేరాలి.

మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి దంపతులు 1970ల్లో తమిళుల ఇళ్ల ముందు వేసే కోలాలను తీసుకుని, వాటిలో దాగిన నియమాలను కంప్యూటరు శాస్త్రం పద్ధతిలో రాశారు. తమిళనాడు సరిహద్దులో ఉన్న తడ దాటితే కోలం, ఇవతల ముగ్గు. పెద్ద చదువులు చదివినవాళ్లు కూర్చుని విప్పిన చిక్కును మన అమ్మమ్మలు పొయ్యి వెలిగించే లోపు వాకిట్లో వేసేసేవారు. దాన్ని మనం ఇంటిపని కింద జమకట్టాం. ఇప్పుడు గడప ముందు స్టిక్కరు అంటించేస్తున్నాం, లేదంటే ఒకసారి పెయింటు వేయించి ఏడాదంతా అదే ఉంచుతున్నాం. సంక్రాంతికి మాత్రం ముగ్గుల పోటీలు పెట్టి కుక్కర్లు బహుమతిగా ఇస్తున్నాం. పోటీలు వద్దనను. కానీ పండగనాటి పెద్ద రథం ముగ్గు కంటే, ఏ పండగా లేని మంగళవారం పొద్దున వేసిన నాలుగు గీతల ముగ్గే నాకు గొప్పది. దాన్ని ఎవరూ మెచ్చుకోరు. మధ్యాహ్నానికి సైకిళ్లూ మేకలూ తొక్కేస్తాయి. మర్నాడు పొద్దున ఆ ఇంటావిడ మళ్లీ వేస్తుంది.

మన పక్క జిల్లా తాళ్లపాక అన్నమాచార్యుల రాగిరేకుల మీద ఒక మాట చెక్కి ఉంది. పదహారేళ్ల వయసులో, 1424లో మొదలుపెట్టి, 1503 దాకా రోజుకు ఒక సంకీర్తనకు తక్కువ కాకుండా ఆయన చెప్పారని. 32 వేలని ప్రతీతి. దొరికినవి 12 వేల పైచిలుకు. వాటిలో మనందరి నోటా ఆడేవి ఎన్ని? మహా అయితే వంద. మిగతావన్నీ ఏ రోజుకా రోజు చేసిన పని. ఆ పని ఆగకుండా నడిచింది కాబట్టే ఈ వంద పుట్టడానికి చోటు దొరికింది. నెల్లూరులో పెన్న ఒడ్డున తిక్కన 15 పర్వాల భారతం తెనిగించాడు, అది ఒక ఊపులో అయ్యే పని కాదు కదా. ఎన్ని పొద్దులు కూర్చుని ఉంటాడు! ఈ రోజు బాగా వస్తుందా రాదా అని చూసుకుని కూర్చునేవాళ్లకు అంత పని జరగదు.

సరే, దీనివల్ల లాభం ఏమిటని అడుగుతారు. అడగాలి. మా వీధిలో ఒకామెను రోజూ ఏదో ఒకటి గీయమని చాలాసార్లు పోరాను. ఆమెకు పువ్వులూ దేవుళ్లూ గీయడం ఇష్టం లేదు. ఒక ఆదివారం తుమ్మలపెంట నుంచి వచ్చిన చేపల్లో ఒక చందువను, కోసే ముందు పళ్లెంలో పెట్టి, కరెంటు బిల్లు వెనక గీసింది. సాయంత్రం ఆ కాగితం పట్టుకుని నా దగ్గరకు వచ్చింది. "టీచరమ్మా, దీని తోకలో కింది కొస పొడుగు, పై కొస పొట్టి. నాకు తెలిసినప్పటి నుంచీ కొంటన్నా, కోస్తన్నా, పులుసు పెడతన్నా. ఇప్పుడు చూశా." అంది. నిజమే, చందువ తోక అలాగే ఉంటుంది. పైనా కిందా రెక్కలు కొడవళ్లలా వంగి ఉంటాయి. పొట్ట దగ్గర మిగతా చేపలకుండే చిన్న రెక్కల జత దీనికి ఉండదు. అది కూడా ఆమే కనిపెట్టింది. బొమ్మ ఎలా వచ్చిందంటారా? చేప కాస్త లావైంది. ఆమె కళ్లలో వెలుగు చూసినవాళ్లెవరూ ఆ సంగతి పట్టించుకోరు.

నా మాట మొత్తం ఆ చందువ తోకలో ఉంది. మనం చూస్తున్నామనుకుంటాం. నిజానికి గుర్తుపట్టి వదిలేస్తాం. చేప, చెట్టు, పక్కింటాయన, ఇంట్లోవాళ్లు, అందరినీ గుర్తుపట్టి దాటిపోతాం. పెన్సిలు పట్టుకున్న చెయ్యి దాటిపోనివ్వదు. ఈ గీత ఎక్కడ ఆగింది, ఎటు వంగింది అని అడుగుతుంది, కన్ను వెనక్కి వెళ్లి మళ్లీ చూసుకుని వస్తుంది.

పరిశోధకులు కూడా కొన్ని సంగతులు తేల్చారు. కెనడాలో వాటర్లూ విశ్వవిద్యాలయం వాళ్లు 2016లో ప్రచురించిన పరిశోధనలో కొన్ని పదాలిచ్చి, కొన్నింటిని పదేపదే రాయమన్నారు, కొన్నింటికి బొమ్మ గీయమన్నారు. ఒక్కో పదానికి 40 సెకన్లు. గీసిన పదాలే ఎక్కువ గుర్తున్నాయి, చాలాసార్లు రెట్టింపుకు పైగా. బొమ్మ బాగుందా లేదా అన్నదానితో పనిలేకపోయింది. పిల్లలూ, పరీక్షలకు చదివేటప్పుడు ఇది మీకు పనికొస్తుంది. అమెరికాలో డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో గిరిజా కైమల్, ఆమె బృందం 39 మందికి కాగితాలు, రంగులు, మట్టి ఇచ్చి 45 నిమిషాలు ఇష్టమొచ్చింది చేసుకోమన్నారు. ముందూ తర్వాతా లాలాజలం తీసి, ఒత్తిడిలో ఊరే కార్టిసాల్ ఎంతుందో చూశారు. దాదాపు ముప్పాతిక మందిలో తగ్గింది. కళలో అనుభవం ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ తేడా రాలేదు. జర్మనీలో 2014లో రిటైరైన 28 మందిని తీసుకుని, సగం మంది చేత పది వారాలు బొమ్మలు వేయించారు, సగం మందికి మ్యూజియంలో బొమ్మలు చూపించి వాటి గురించి మాట్లాడించారు. మెదడు స్కాన్లలో మెరుగు కనిపించింది వేసినవాళ్లలో.

ఇవి చిన్న పరిశోధనలు. వీటిని పట్టుకుని బొమ్మలేస్తే బీపీ మాత్రలు మానేయొచ్చని ఎవరైనా చెబితే నమ్మొద్దు. నాకు వాటిలో నచ్చిన సంగతి వేరే ఉంది. మూడింటిలోనూ మేలు జరిగింది చేసినందుకు, బాగా చేసినందుకు కాదు.

మా అమ్మ ఆఖరి రోజుల్లో నెల్లూరులో ఆసుపత్రిలో ఉంది. పగలంతా మందులు, టెస్టులు, బంధువుల ఫోన్లు. రాత్రి ఏమీ తోచదు, నిద్ర పట్టదు. చిన్న నోటు పుస్తకం తెచ్చుకుని కనిపించిందల్లా గీశాను. సెలైన్ స్టాండు, ప్లాస్కు, మంచాల కింద రకరకాల చెప్పులు. పక్క మంచం దగ్గరి పెద్దావిడ, "ఏంది తల్లీ, ఇట్టాంటప్పుడు బొమ్మలా" అంది. ఆవిడకు ఏం చెప్పాలో తెలియలేదు. గీస్తున్నంతసేపూ రేపేమవుతుందోనన్న ఆలోచన రాలేదు, అంతే. ఒక రాత్రి అమ్మ చెయ్యి గీశాను. సూది గుచ్చిన చోట ప్లాస్టరు, దాని పక్కన ఉబ్బిన నరం, వేలికి ఉంగరం. చిక్కిపోయిన వేలి నుంచి జారిపోకుండా ఉంగరానికి తెల్లదారం చుట్టుకుని ఉంది. అది ఎప్పుడు చుట్టుకుందో, ఎవరిని దారం అడిగిందో. రోజూ ఆ చెయ్యి పట్టుకునే కూర్చున్నాను, గీసేదాకా నా కంట పడలేదు. మా ఇంట్లో అమ్మ ఫొటోలు చాలా ఉన్నాయి. ఏ ఫొటోలోనూ ఆ దారం లేదు.

తీరిక లేదంటారు. 1921 ఏప్రిల్ 7న మన నెల్లూరు దగ్గరి పల్లెపాడుకు వచ్చి పినాకిని ఆశ్రమాన్ని ప్రారంభించిన గాంధీగారికి మాత్రం తీరిక ఎక్కడిది? రోజుకో అరగంట నూలు వడకమని దేశాన్ని అడిగి, తానూ వడికారు. మనకు అరగంట కూడా వద్దు, పది నిమిషాలు చాలు. కాకపోతే దానికొక వేళ, ఒక చోటు ఉండాలి. కాఫీ తాగిన వెంటనే అనో, సీరియల్ మొదలయ్యే ముందు అనో రోజూ జరిగే ఒక పనికి దాన్ని ముడేయండి. పుస్తకం, పెన్సిలు కళ్లెదుటే ఉండాలి, బీరువాలో కాదు. లండన్ యూనివర్సిటీ కాలేజీ వాళ్లు 96 మంది మీద చేసిన ఒక పరిశోధనలో, కొత్త అలవాటు తనంతట తాను జరిగే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే, కొందరికి 254 దాకా పట్టొచ్చని అంచనా వేశారు. మధ్యలో ఒకరోజు తప్పినా పెద్ద నష్టం రాలేదు. కాబట్టి జ్వరమొచ్చి, చుట్టాలొచ్చి, తుఫానొచ్చి ఒకరోజు మానేస్తే ఇంక పోయిందిలే అని వదిలేయకండి.

ఇంకొక్కటి. కొన్నాళ్లపాటు ఫొటో తీసి స్టేటస్ పెట్టొద్దు. ఎవరు లైక్ కొట్టారా అని చూడటం మొదలుపెడితే, రేపు చేపను గీయబోయినవాళ్లు గులాబీ గీస్తారు, ఎందుకంటే గులాబీకి లైకులు ఎక్కువ. అమ్ముకోవడం ఆలోచన కూడా ఇప్పుడే వద్దు. ఉదయగిరిలో కొయ్య చెంచాలు చెక్కే ఆడవాళ్ల సంగతి వేరు. అది వాళ్ల బతుకుదెరువు, వాళ్ల పనికి తగిన ధర మనమంతా ఇవ్వాలి. బేరమాడకండి దయచేసి. నేను చెబుతున్న పది నిమిషాలు మాత్రం ఎవరికీ లెక్క చెప్పక్కర్లేనివి.

ఎక్కువసేపు మాట్లాడాను. గ్రంథాలయం వారిని అడిగి ద్వారం పక్కన బల్ల మీద కాగితాలు, పెన్సిళ్లు పెట్టించాను. పిల్లలు అందరికీ తలా ఒకటి పంచుతారు. రబ్బరు ఇవ్వడం లేదు. కుడిచేత్తో రాసేవాళ్లు ఎడమ చేతిని, ఎడమ చేత్తో రాసేవాళ్లు కుడిచేతిని ఒళ్లో పెట్టుకోండి. కాగితం వైపు తక్కువగా, చేతి వైపు ఎక్కువగా చూడండి. చిటికెనవేలి గోరు దగ్గర మొదలుపెట్టండి. పది నిమిషాలు, టైము నేను చూస్తాను.