భజన మిక్సర్‌లో ఎకో: గ్రూపుల్లో చెప్పేంత ఉందా?

అందరికీ నమస్కారమప్పా. అనంతపురం నుంచి మాట్లాడుతాండా. ఈరోజు టేబుల్ మీదున్నది ఆరు చానెళ్ల మిక్సర్. చెక్కభజన, పండరి భజన బృందాలు, పల్లెల్లో మైక్ సెట్ వాళ్లు ఎక్కువగా అడిగే రకం. ఈ రేటులో వచ్చేవన్నీ దాదాపు ఒకే తీరు, అందుకే కంపెనీ పేరు చెప్పడం లేదు.

వాట్సాప్ గ్రూపుల్లో దీని గురించి ఒకటే మాట, "ఎకో అదిరిపోతాది" అని. ఆ మాట రాసినోళ్లను అడిగినా: అన్నా, నువ్వు మైక్ పెట్టి విన్నావా? లేదు, ఇంకో గ్రూపులో చూసినా అంటారు. ఆ గ్రూపులో అడిగితే మరో గ్రూపు చూపిస్తారు. యాభై మంది చెప్పినట్టు కనపడేది ఒక్కరి మాటే అయ్యుండొచ్చు.

సరే, వినండి. ఎకో సున్నా: "గోవిందా!" ఇప్పుడు సగం: "గోవిందా!" గొంతు నిండుగా ఉంది కదా? డిలే నాబ్, అంటే గొంతు ఎంత ఆలస్యంగా తిరిగి రావాలో చెప్పేది, పెంచుతాండా... తోకలో గరగర వినపడిందా? ఇట్లాంటి వాటిలో ఎక్కువగా పీటీ 2399 అనే చిప్ ఉంటుంది. డిలే పెంచేకొద్దీ దాంట్లో శబ్దం చెడిపోతాది.

ఒకప్పుడు స్టూడియోల్లో ఎకో కోసం గదే ఉండేది. నున్నటి గట్టి గోడల ఖాళీ గదిలో ఒకపక్క స్పీకర్, ఇంకోపక్క మైక్. పాడిన గొంతు గోడలకు తగిలి తగిలి ఆ మైక్‌లోకి వచ్చేది. 1947లో షికాగోలో బిల్ పుట్నం అనే రికార్డింగ్ ఇంజనీరు స్టూడియో బాత్రూమునే అట్లా వాడినాడు. హాలీవుడ్‌లో క్యాపిటల్ అనే పాటల రికార్డుల కంపెనీ వాళ్లు భూమి కింద గదులు కట్టించుకున్నారు. ఇందులో నాకు బాగా నచ్చే సంగతి ఏమంటే, గది నుంచి వచ్చే శబ్దానికి వేరే ఫేడర్, అంటే శబ్దం పెంచే, దించే మీట, ఉంటుంది. దాన్ని దించితే అసలు గొంతు ఒక్కటే వినపడుతుంది.

గ్రూపుల్లో ఆ ఫేడర్ లేదు. 1950ల్లో అమెరికాలో సాలమన్ ఆష్ అనే మనస్తత్వవేత్త గీతల పొడవు పోల్చమని జనాన్ని అడిగినాడు. చుట్టూ కూర్చున్నోళ్లంతా, ముందే మాట్లాడుకుని, తప్పు జవాబు చెప్పేవాళ్లు. దాదాపు మూడోవంతు జవాబులు వాళ్ల తప్పువైపే పోయినాయి. కళ్లెదుట గీత కనపడతానే ఉంది! అయితే చుట్టూ ఉన్నోళ్లలో ఒక్కడు సరైన జవాబు చెప్పినప్పుడు ఆ లొంగుబాటు బాగా తగ్గింది. అందుకే, ఈ మిక్సర్‌ను వాడినోళ్లు ఎవరైనా ఉంటే, నచ్చకపోయినా సరే, మీ చెవికి వినపడింది గ్రూపులో రాయండి. దయచేసి రాయండి.

ఇక నా మాట. రేకుల షెడ్డు, రాతి గుడి అయితే ఎకో సున్నాలోనే పెట్టండి. ఆ గోడలే శబ్దాన్ని తిప్పికొడతాయి, పైన ఇది కూడా వేస్తే సాహిత్యం ఒక్క ముక్క అర్థం కాదు. బయలులో పాడేటప్పుడు కొంచెం బాగుంటుంది. చెక్కభజనకు డిలే చూసుకుని పెట్టాల. నిమిషానికి 120 దెబ్బల వేగమైతే దెబ్బకూ దెబ్బకూ అరసెకను. డిలే పావు సెకను దగ్గరుంటే ఎకో సరిగ్గా నడిమధ్య పడుతుంది, తాళం చెడదు. రిపీట్, అంటే ఎకో ఎన్నిసార్లు తిరిగి రావాలో చెప్పేది, తక్కువలోనే ఉంచండి.

ఎకో కోసమే అయితే దీన్ని కొనొద్దంటా. ఎకో ఆపి వింటే గొంతు మాత్రం శుభ్రంగా ఉంది, ఆ రేటుకు అది మంచిదే. అంగడికి పోయేటప్పుడు మీ మైకూ మీ చెక్కలూ తీసుకుపోండి. ముందు ఎకో ఆపించి వినండి, తర్వాతే బేరం.